పిల్లల పక్కన గొంతుక్కూర్చుంటే

చందమామ మన వెంటే వస్తున్నాడని నమ్మిన రోజులు అందరికీ ఉన్నాయి. బండెక్కితే బండి వెంట, నడిస్తే నడక వెంట వచ్చేవాడు. మనం ఆగితే తనూ ఆగేవాడు. చెట్టు చాటున దాక్కున్నట్టే దాక్కుని అవతలి కొమ్మలోంచి తొంగి చూసేవాడు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే (1896–1980) చిన్నపిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగి ఈ నమ్మకాన్ని రాసిపెట్టాడు. పిల్లలు ఎక్కడి వాళ్ళైనా చందమామ వాళ్ళ వెంటే వస్తాడన్నమాట. ఆ నమ్మకం ఏ రోజు పోయిందో మాత్రం ఎవరికీ గుర్తుండదు. తొలకరి వాసనకి గుమ్మంలోకి పరిగెత్తడం, గుప్పిట్లో మిణుగురుని పట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చూడటం, మబ్బు ఏనుగు తొండం కరిగిపోయేదాకా మెడ నొప్పెట్టేలా చూస్తూ ఉండటం, పడుకునే ముందు దేవుడితో ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడటం, ఇవన్నీ కూడా చెప్పా పెట్టకుండానే వెళ్ళిపోయాయి.

ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటే ఇవి మళ్ళీ వస్తాయి. మనవడైనా, కూతురైనా, పక్కింటి బుడ్డోడైనా సరే. కాకపోతే ఊరికే రావు. పిల్లని బయటికి తీసుకెళ్ళి మనం బెంచీ మీద ఫోను చూసుకుంటూ కూర్చుంటే రావు. "అదిగో పిట్ట, దాని పేరేంటి? ఆ పువ్వు రంగేంటి?" అని నడిచినంత సేపూ పరీక్ష పెట్టినా రావు. మనం తప్పేది వరసలో. ముందు చూడాలి. చూశాక పిల్లని అడగనివ్వాలి. అడిగాక చెప్పాలి. ఆ తరవాత, మనసుకి తోస్తే, కృతజ్ఞత చెప్పుకోవాలి. పెద్దవాళ్ళం దీన్ని తలకిందులు చేస్తాం. ముందే దేవుడికి దండం పెట్టించేసి, పేరు చెప్పేసి, కారణం కూడా చెప్పేసి, చివర్లో "చూశావుగా, ఇక పద" అంటాం. అప్పటికి పిల్ల అసలు చూసే ఉండదు.

మూడేళ్ళ పిల్లతో బయల్దేరినప్పుడు దూరం లెక్క వదిలేయాలి. వంద మీటర్లకి అరగంట పట్టొచ్చు, అది మంచి నడకే. నిద్ర లేచి, కడుపు నిండి ఉన్న వేళ చూసి బయల్దేరాలి. నిద్ర ముంచుకొచ్చే ముందు తీసుకెళ్తే ఎంత గొప్ప వింత చూపించినా ఏడుపే మిగులుతుంది. నీళ్ళ సీసా, ఒక జత బట్టలు, ఒక పాత గుడ్డ, మూతకి చిల్లులు పెట్టిన చిన్న డబ్బా ఉంటే చాలు. పిల్ల ఆగినచోట మనమూ ఆగి, పక్కనే గొంతుక్కూర్చోవాలి. మోకాళ్ళు ఒప్పుకోని పెద్దవాళ్ళు చిన్న మడతపీట తీసుకెళ్ళడం మేలు. మన కళ్ళు పిల్ల కళ్ళ ఎత్తుకి దిగితేనే తను దేన్ని చూసి ఆగిందో తెలుస్తుంది. చాలాసార్లు మనం అనుకున్న పువ్వుని చూసి ఆగి ఉండదు, దాని కాడ వెంట దిగుతున్న నీటిబొట్టుని చూసి ఆగి ఉంటుంది. అక్కడ నోరు తెరిచే ముందు మనసులో పది లెక్కపెట్టుకోవాలి. పిల్లకి చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఆ పదిలోపే చెబుతుంది. మనం తొందరపడి మాట్లాడితే ఆ మాట ఇక బయటికి రాదు.

భూతద్దం కొంటే మూడు నాలుగు రెట్లు పెద్దగా చూపించే వెడల్పాటిది కొనండి. పది రెట్ల చిన్న అద్దం పిల్లల చేతికి కుదరదు. దానితో చూడాలంటే వస్తువు అద్దానికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే ఉండాలి, చెయ్యి కాస్త వణికినా అంతా మసకబారిపోతుంది. పిల్లలు అద్దాన్ని వస్తువు దగ్గర పెట్టి, తల దూరంగా ఉంచి, "ఏం కనిపించట్లే" అని విసిరేస్తారు. అద్దం కంటి దగ్గర పెట్టుకుని, ఆకుని నెమ్మదిగా అద్దం వైపు తీసుకురావడం నేర్పితే సమస్య తీరిపోతుంది. సూర్యుడి వైపు అద్దం పెట్టి చూడకూడదని ప్రతిసారీ చెప్పాలి. ఎండలో వదిలేసిన భూతద్దం కాగితాన్నీ ఎండుగడ్డినీ అంటించగలదు కాబట్టి, పని అయిన వెంటనే గుడ్డలో చుట్టి సంచీలో పెట్టేయాలి.

ఏ ఖర్చూ లేకుండా మొదలుపెట్టాలంటే చీమల బారుని మించింది లేదు. గోడ మీద బారు కనిపిస్తే ముందు కాసేపు ఊరికే చూడనివ్వండి. ఎదురెదురుగా వచ్చే చీమలు మీసాలు తాకించుకుని ఒక్క క్షణం ఆగి ముందుకెళ్తుంటాయి. "ఏం మాట్లాడుకుంటున్నాయి?" అని పిల్ల అడిగి తీరుతుంది. అప్పుడు బారుకి అడ్డంగా, చీమలు లేని చిన్న సందు చూసి, వేలితో ఒక్కసారి గట్టిగా రుద్దమనండి. వచ్చే చీమలు ఆ చోటికి రాగానే ఆగిపోతాయి, వెనక్కి తిరుగుతాయి, పక్కలకి వెతుకుతాయి. కనిపించని గోడేదో అడ్డం లేచినట్టుంటుంది. కొన్ని నిమిషాల్లో ఏదో ఒకటి దాటుతుంది, దాని వెనక ఇంకొకటి, మళ్ళీ బారు కుదురుతుంది. చీమలు నడుస్తూ నేల మీద రాసుకుంటూ వెళ్ళే వాసన గీతని మనం చెరిపేశామని అప్పుడు చెప్పాలి. ఈ మాట ముందే చెప్పేస్తే అది పాఠం అవుతుంది. చీమలు తికమకపడటం కళ్ళారా చూశాక చెబితే పిల్ల నోరు తెరుచుకుని వింటుంది, మన మెడ మీద రోమాలూ లేస్తాయి. ఎర్రచీమల బారు దగ్గర మాత్రం ఈ పని వద్దు.

గింజ మొలకెత్తించడం అందరూ చేస్తారు, సగం మందికి కుళ్ళిపోతుంది. నీళ్ళు ఎక్కువవడమే అందుకు కారణం. మునిగిన గింజకి గాలి అందదు. రెండో రోజుకి వాసనొస్తుంది, మూడో రోజుకి బూజు పడుతుంది. పద్ధతిగా చేస్తే చాలా సులువు. చిక్కుడో అలసందో, గింజ కాస్త పెద్దదిగా ఉండాలి. అయిదారు గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే నీళ్ళు వంపేయాలి. ఎనిమిది నుంచి పన్నెండు గంటల నానుడు చాలు. గాజు గ్లాసు లోపలి గోడకి ఆనేలా దళసరి పీల్చుడు కాగితం చుట్టి పెట్టి, మధ్యలో పాత గుడ్డ కుక్కితే కాగితం గోడకి అంటుకుని నిలబడుతుంది. గాజుకీ కాగితానికీ మధ్య, సగం ఎత్తులో, గింజల్ని దూరదూరంగా దూర్చాలి. గ్లాసు అడుగున రెండు సెంటీమీటర్ల నీళ్ళు పోస్తే కాగితం తనకి కావలసినంత పైకి పీల్చుకుంటుంది. గింజలు తడిగా ఉండాలి తప్ప నీళ్ళల్లో ఉండకూడదు. అయిదారు గింజలు ఎందుకంటే ఒకటి రెండు మొలవకపోవడం మామూలే. ఒక్కటే వేసి అది మొలవకపోతే పిల్ల మనసు విరిగిపోతుంది.

రెండు మూడు రోజులకి గింజ పొట్ట దగ్గర తెల్లటి మొన కనిపిస్తుంది. అది వేరు. అది రెండు సెంటీమీటర్లు దిగాక, మిగిలిన నీళ్ళు వంపేసి, గ్లాసుని పక్కకి పడుకోబెట్టి, కాగితం ఆరకుండా అప్పుడప్పుడు నీళ్ళు చిలకరిస్తూ ఒక రోజు ఉంచండి. మర్నాటికి వేరు మొన నేల వైపుకి వంగి ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, చీకటి గదిలో ఉంచినా అలాగే వంగుతుంది. కింద ఎటుందో దానికి తెలుసు. అయిదో రోజుకో వారానికో కాడ బయటికొస్తుంది, కానీ నిటారుగా రాదు. మెడ వంచుకుని, పప్పు బద్దల్ని వెనక నుంచి లాక్కుంటూ వస్తుంది. మట్టిలో ఉంటే ఆ వంగిన మెడ మట్టిని తోసుకుని దారి చేస్తుంది, బద్దల మధ్య ఉన్న లేత చిగురుకి రాపిడి తగలదు. వెలుగు తగిలాక మెల్లగా తలెత్తుతుంది. చిన్నప్పుడు ఇది మనమూ చూసే ఉంటాం, ఆ మెడ వంపుని గమనించి ఉండం. పిల్లలు గంట గంటకీ వచ్చి చూస్తారు కాబట్టి వాళ్ళకి దొరికిపోతుంది. ఒకే ఒక్క నియమం పెట్టండి: చూడొచ్చు, తియ్యకూడదు. గింజని బయటికి లాగి చూస్తే వేరు మీద నూగులాంటి కేశాలు తెగిపోతాయి, అది కోలుకోవడం కష్టం.

గొంగళిపురుగుని పెంచడానికి ఇంతకన్నా ఓపిక కావాలి. నున్నటి పురుగునే తీసుకోవాలి. వెంట్రుకలున్నవి చర్మానికి దద్దుర్లు తెస్తాయి. ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకులే పెట్టాలి. చాలా జాతులు వేరే ఆకు ముట్టకుండా ఆకలితో చచ్చిపోతాయి, ఇళ్ళల్లో పెంచినవి పోవడానికి మొదటి కారణం ఇదే. ఆకులు రోజూ తాజాగా మార్చాలి. రెట్టలు రోజూ దులిపేయాలి, లేకపోతే తేమకి బూజొస్తుంది. సీసా మూతకి బదులు పల్చటి గుడ్డ కట్టి, లోపల ఏటవాలుగా ఒక గరుకు పుల్ల పెట్టాలి. పురుగు తిండి మానేసి అటూ ఇటూ తిరుగుతుంటే గూడు కట్టే వేళ దగ్గరపడిందని అర్థం. ఆ తరవాత సీసా కదపకూడదు. వెచ్చటి కాలంలో చాలావాటికి వారం నుంచి రెండు వారాల్లో సీతాకోకచిలుక బయటికొస్తుంది. ముందురోజు గూడు రంగు ముదిరి, రెక్కల మీది మచ్చలు లోపల్నుంచి కనిపిస్తాయి. ఆ రాత్రి పిల్లకి ముందే చెప్పి పెట్టుకోండి, తెల్లారుజామునే లేవాలి, చాలావరకు పొద్దున్నే వస్తాయి.

బయటికొచ్చినప్పుడు రెక్కలు నలిగిన తడిగుడ్డలా ఉంటాయి. "పాపం, దానికి రెక్కలు సరిగా లేవు" అని పిల్లలు కళ్ళనీళ్ళు పెట్టుకునేది ఇప్పుడే. ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి తోసుకుంటూ అది వాటిని విప్పుకుంటుంది. విప్పుకోవడానికి నిమిషాలు చాలు, గట్టిపడటానికి గంటా రెండు గంటలు కావాలి. అంతసేపూ తలకిందులుగా వేలాడే చోటు ఉండాలి. కింద చోటు చాలకపోయినా, జారి పడిపోయినా రెక్కలు ముడతలతోనే బిగుసుకుపోతాయి, ఇక ఎగరలేదు. పుల్ల ఏటవాలుగా, ఎత్తుగా పెట్టమన్నది అందుకే. ఇంకొకటి, అది ఎర్రటి చుక్కలు కారుస్తుంది. పిల్లలు నెత్తురనుకుని భయపడతారు. గూట్లో ఉన్నన్నాళ్ళూ పోగైన వ్యర్థం అది, నెత్తురు కాదు. ముందే చెప్పి ఉంచితే మంచిది. వరస తప్పినా ఫరవాలేదనిపించే ఒకే ఒక్క చోటు ఇది.

మరియా సిబిల్లా మేరియన్ అనే జర్మన్ చిత్రకారిణి పదమూడేళ్ళప్పుడు పట్టుపురుగుల్ని ఇలాగే పెంచుతూ మొదలుపెట్టింది. అప్పటికి పురుగులు బురదలోంచి, కుళ్ళులోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మేవాళ్ళు. 1679లో ఆమె గొంగళిపురుగుల మార్పుల్ని గుడ్డు దగ్గర్నుంచి రెక్కల దాకా, అవి తినే మొక్కతో సహా బొమ్మలు గీసి అచ్చువేసింది. ఇంత చిన్న పురుగుల్ని చేసినవాడి గొప్పతనం చూపించడానికే ఈ పని చేశానని ముందుమాటలో రాసుకుంది. చూపూ భక్తీ ఆమెకి రెండు వేరు పనులుగా తోచలేదు. నాకు ఆమె అంటే అందుకే అంత ఇష్టం.

కానీ గూట్లోంచి ప్రతిసారీ సీతాకోకచిలుకే రాదు. ఒక్కోసారి పురుగు ఒంటిని చీల్చుకుని చిన్న తెల్ల పురుగులు బయటికొస్తాయి, లేదా గూటికి చిల్లు పెట్టుకుని సన్నటి కందిరీగలాంటిది వస్తుంది. దాని తల్లి ఆ గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెట్టి ఉంటుంది. తోటలోంచి తెచ్చిన పురుగుల్లో ఇది మామూలే. గుడ్డుగా ఉన్నప్పుడే తెచ్చి పెంచితే ఈ ప్రమాదం తగ్గుతుంది. పిల్ల అడుగుతుంది: "దేవుడే దీన్ని కూడా చేశాడా?" ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. 1860 మే నెలలో చార్లెస్ డార్విన్ అమెరికన్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకి రాసిన ఉత్తరంలో సరిగ్గా ఈ కందిరీగల సంగతే ఎత్తాడు. దయగల దేవుడు వీటిని కావాలని చేశాడంటే తన మనసు ఒప్పుకోవడం లేదని రాశాడు. గ్రే భక్తుడు, ఇద్దరూ ఆ ప్రశ్న మీద మర్యాదగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. పిల్లకి అబద్ధం చెప్పకండి. "అవును, అదీ ఉంది. ఎందుకో నాకూ పూర్తిగా అర్థం కాదు, నాకూ బాధేస్తుంది" అంటే చాలు. ఏదో ఒకటి చెప్పి నోరు మూయించిన పిల్లలు ఇలాంటివి మళ్ళీ అడగడం మానేస్తారు. తెలియదని పెద్దవాళ్ళు ఒప్పుకున్నప్పుడు పక్కన కూర్చుంటారు.

వాన గురించి కాస్త. తొలకరి వాసన మట్టిలోని సూక్ష్మజీవులు చేసే ఒక పదార్థానిది, మన ముక్కు దాన్ని నమ్మలేనంత తక్కువ మోతాదులో కూడా పట్టేస్తుంది. చినుకు పొడినేల మీద పడ్డప్పుడు దాని అడుగున చిక్కిన గాలి బుడగలై పైకి లేచి చిట్లుతుంది, ఆ తుంపరే వాసనని మోస్తుంది. 2015లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు అతివేగపు కెమెరాతో దీన్ని చిత్రీకరించారు. కుండపోతకన్నా చిరుజల్లుకే ఇది ఎక్కువ. కాబట్టి మొదటి నాలుగు చినుకులకే గుమ్మంలోకి రావాలి, వాన పెరిగేదాకా ఆగితే పోతుంది. మెరుపు మెరిశాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టమనండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు చొప్పున దూరం తెలుస్తుంది. ముప్ఫై లోపే వినిపిస్తే ఆట ఆపి ఇంట్లోకి వచ్చేయాలి, ఇందులో మొహమాటం లేదు.

ఇంద్రధనుస్సు కోసం వాన దాకా ఆగక్కర్లేదు. పొద్దున్నో సాయంత్రమో, ఎండ వీపుకి తగిలేలా నిలబడి, ఎదురుగా నల్లటి గోడో చెట్టో ఉండేలా చూసుకుని, గొట్టం చివర వేలు అడ్డం పెట్టి సన్నటి తుంపర చిమ్మితే చాలు. మధ్యాహ్నం ఎంత చిమ్మినా ఆకాశంలో కనిపించినట్టు కనిపించదు. మన నీడలో తల ఎటు పడుతుందో ఆ దిక్కు నుంచి నలభై రెండు డిగ్రీల దూరంలో విల్లు ఏర్పడుతుంది, నడినెత్తిన సూర్యుడుంటే అది నేలలోకి దిగిపోతుంది. ఇందులో పిల్లల్ని కాసేపు మాటలేకుండా చేసే సంగతి ఒకటుంది. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు చూసేది ఒకే విల్లు కాదు. ఒక్కొక్కరి కంటికి చేరే రంగులు వేరేవేరే చినుకుల్లోంచి వస్తాయి. నీది నీకే, నాది నాకే. ఈ మాట విన్నాక పెద్దవాళ్ళు కూడా ఒక అడుగు పక్కకి జరిగి మళ్ళీ చూస్తారు.

రాత్రి ఆకాశం చూడాలంటే కళ్ళకి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాల చీకటి కావాలి. మధ్యలో ఒక్కసారి ఫోను వెలిగిస్తే మళ్ళీ మొదటికి. టార్చిలైటు అవసరమైతే దాని మీద ఎర్రటి పల్చటి కాగితం కట్టుకోండి. దుప్పటి పరిచి వెల్లకిలా పడుకోవాలి, నిలబడి చూస్తే పిల్లలు రెండు నిమిషాల్లో మెడ నొప్పంటారు. చంద్రుడు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, పున్నమినాడు సూర్యుడు దిగే వేళకి అటు నుంచి పైకొస్తాడు. నేల అంచున ఉన్నప్పుడు పెద్దగా కనిపించేది మన మెదడు చేసే మాయ. కాగితం గొట్టంలోంచి చూస్తే మామూలుగా అయిపోతాడు. వంగి కాళ్ళ సందులోంచి చూసినా చిన్నవాడవుతాడు. పిల్లలు వెంటనే వంగుతారు, మనమూ వంగాలి.

పుట్టినరోజు నక్షత్రాల ఆట ఒకటి ఆడండి. లుబ్ధకం (సిరియస్) నుంచి వెలుగు ఇక్కడికి రావడానికి ఎనిమిదిన్నరేళ్ళు పడుతుంది. ఎనిమిదిన్నరేళ్ళ పిల్ల కంట్లో ఇవాళ పడే ఆ వెలుగు తను పుట్టిన రోజుల్లో బయల్దేరింది. అభిజిత్తుది పాతికేళ్ళ వెలుగు, స్వాతిది ముప్ఫై ఏడేళ్ళది, ఎర్రగా కనిపించే రోహిణిది అరవై అయిదేళ్ళది. ఇంట్లో ప్రతివాళ్ళకీ కాస్త అటూ ఇటూగా ఒక నక్షత్రం దొరుకుతుంది. రోహిణి వైపు చూపించి "నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడు బయల్దేరింది, ఇప్పుడే వచ్చి చేరింది" అని ఒక అమ్మమ్మ చెబితే పిల్లల ముఖాల్లో కనిపించేదాన్ని ఏ పాఠమూ తెప్పించలేదు. చెప్పే అమ్మమ్మ గొంతు కూడా మారిపోతుంది.

ఇక నమ్మకం సంగతి. దేవుణ్ణి పిల్లలకి పరిచయం చేయాలని మనం హైరానా పడతాం. వాళ్ళ మనసు ముందే సగం దారిలో ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త డెబొరా కెలెమన్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, రాళ్ళు మొనదేలి ఎందుకున్నాయంటే జంతువులు దురద పుట్టినప్పుడు గోక్కోవడానికి అనేలాంటి జవాబుల్నే చిన్న తరగతుల పిల్లలు ఇష్టపడ్డారు. వాళ్ళ లెక్కలో ప్రతిదీ ఎవరి కోసమో, దేని కోసమో ఉంది. 2009లో ఇంకో పరిశోధనలో, ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా అడిగితే పెద్దవాళ్ళు కూడా ఇలాంటి జవాబుల వైపు మొగ్గుతారని తేలింది. దేవుడున్నాడనడానికి దీన్ని రుజువుగా పట్టుకోకండి, లేడనడానికీ పట్టుకోకండి. చిన్నప్పటి మనసు మనలో ఇంకా ఉందని మాత్రం దీన్నిబట్టి ధైర్యంగా అనుకోవచ్చు.

ఆ మనసుని పాడుచేసేది ఎక్కువగా మన నోరే. "అబద్ధమాడితే కళ్ళు పోతాయి", "అన్నీ దేవుడు చూస్తున్నాడు జాగ్రత్త" అని ఎన్నిసార్లు విన్నాం! మనం చెరువు గట్టు మీద తూనీగని చూస్తున్నప్పుడూ ఆయన చూస్తున్నాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. దేవుణ్ణి ఇంటి పోలీసుగా పెట్టుకుంటే పిల్లలు ఆయనతో మాట్లాడరు, ఆయనకి కనిపించకుండా దాక్కుంటారు. భయంతో నేర్చిన ప్రార్థన పెద్దయ్యాక ముందుగా వదిలిపోతుంది. ఇది నా గట్టి అభిప్రాయం.

పడుకునే ముందు ప్రార్థనకి రెండు నిమిషాలు చాలు. మీ సంప్రదాయంలో నేర్పే ప్రార్థన ఉంటే అది చెప్పుకోండి, దాని పక్కనే పిల్ల సొంత మాటకి చోటు పెట్టండి. ఇవాళ చూసినవాటిలో మూడింటికి థాంక్స్ చెప్పమనండి. "అన్నిటికీ" అంటే ఒప్పుకోకూడదు, పేరు పెట్టి చెప్పాలి. నాలుగేళ్ళవాళ్ళు నత్తకీ, గుంటలో నీళ్ళకీ, విరిగిన పుల్లకీ చెబుతారు. నవ్వకండి, దిద్దకండి. ఆ తరవాత మీ వంతు. మూడు వెతుక్కోవడం మనకే కష్టమవుతుంది, మొదటి వారం మరీను. రోజంతా కళ్ళు తెరిచి తిరిగితే తప్ప రాత్రికి చెప్పడానికేమీ ఉండదని తెలిశాక, పగలు మన చూపే మారుతుంది. మౌనం కూడా నేర్పొచ్చు. మూడు నాలుగేళ్ళవాళ్ళకి ఒక్క నిమిషం చాలా పెద్దది. కళ్ళు మూసుకుని, వినిపించిన ప్రతి చప్పుడుకీ ఒక వేలు తెరవమనండి. పది వేళ్ళూ తెరుచుకునేసరికి నిమిషం దాటిపోతుంది. ఊరికే "మాట్లాడకు" అంటే పది సెకన్లు కూడా ఉండరు.

సీసాలో పెంచిన సీతాకోకచిలుక చచ్చిపోతే, గుమ్మం ముందు పిచ్చుక పడి ఉంటే ఏం చెప్పాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకోవాలి. అయిదేళ్ళలోపు పిల్లలు చావు తాత్కాలికమనుకుంటారు, రేపు లేస్తుందా అని అడుగుతారు. "నిద్రపోయింది" అనకండి, నిజమనుకుని తాము నిద్రపోవడానికి భయపడతారు. "దేవుడికి ఇష్టమై తీసుకెళ్ళాడు" అన్నా చిక్కే, ఆయనకి ఇంకెవరు ఇష్టమవుతారోనని లోపల్లోపల బెంగ పెట్టుకుంటారు. "చచ్చిపోయింది. దాని ఒళ్ళు ఇక పనిచేయదు, దానికి నొప్పి తెలియదు, తిరిగి రాదు" అని మామూలు గొంతుతో చెప్పాలి. చావు తరవాత ఏముందో మీ నమ్మకమేదైనా ఉంటే "నేను ఇలా నమ్ముతాను" అని కలపండి. చేతికి సంచీ తొడుక్కుని మట్టిలో పెట్టడానికి పిల్లని రానివ్వండి, తిరిగొచ్చి చేతులు సబ్బుతో కడిగించండి. అదే ప్రశ్న వారం రోజులు అడుగుతారు. వారం రోజులూ అదే జవాబు, అదే గొంతుతో చెప్పాలి.

ఇదంతా పిల్లల కోసమే అనిపిస్తుందేమో. 2020లో అమెరికాలో 52 మంది పెద్ద వయసువాళ్ళతో ఒక అధ్యయనం జరిగింది. ఎనిమిది వారాల పాటు వారానికి పదిహేను నిమిషాల నడక. అందులో ఒక జట్టుకి పిల్లల కళ్ళతో కొత్తగా చూస్తూ, ఆశ్చర్యపరిచేదాన్ని వెతుక్కుంటూ నడవమన్నారు. నడకలో తీసుకున్న ఫోటోల్లో వారాలు గడిచేకొద్దీ వాళ్ళ నవ్వులు పెద్దవయ్యాయి, ఫోటోలో తాము ఆక్రమించే చోటు చిన్నదై, చుట్టూ ఉన్నది పెరిగింది. పదిహేను నిమిషాలు ఎవరికైనా దొరుకుతాయి. చెయ్యి పట్టుకోవడానికి ఒక మనవరాలు ఉంటే వెతుక్కోమని ఎవరూ చెప్పక్కర్లేదు, తనే లాక్కెళ్తుంది.

ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి ప్రశ్నలు మారతాయి. చందమామ వెంట రావడం లేదని తమంతట తామే కనిపెట్టి, మనం ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీస్తారు. బడిలో ఎవరో దేవుడు లేడన్నారని వచ్చి చెబుతారు. అప్పుడు కంగారుపడి వాదించడం మొదలుపెడితే, ఆ తరవాతి అనుమానం మన దాకా రాదు, స్నేహితుల దగ్గరికి పోతుంది. "వాళ్ళు అలా ఎందుకన్నారు? నీకేమనిపించింది?" అని ముందు అడిగి, ఇక్కడా పది లెక్కపెట్టుకుని ఆగాలి. ఆ తరవాత మీరు నమ్మేదేమిటో, ఎందుకు నమ్ముతారో రెండు మూడు మాటల్లో చెప్పండి. మీకున్న అనుమానం కూడా చెప్పండి. ఆ వయసు పిల్లలకి నడకలో మోసుకెళ్ళడానికి సంచీ, రాసుకోవడానికి నోటుపుస్తకం, చిన్నవాళ్ళకి భూతద్దం పట్టుకోవడం నేర్పే పని ఇచ్చి చూడండి.